చోర్‌బగాన్ మల్లిక్‌ల నడక టూర్: కథలన్నీ చెప్పారు, డబ్బు సంగతి తప్ప

ఉత్తర కోల్‌కతాలో పాతకాలపు ధనవంతుల ఇళ్ల చుట్టూ తిప్పే నడక టూర్లు ఇప్పుడు బోలెడున్నాయి. వాటిలో పాత వర్తకులైన మల్లిక్‌ల కథ మీదే నడిచే టూర్ తీసుకున్నాం నేనూ, సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదీ. పొద్దున్నే హౌరా బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ దగ్గర మొదలుపెడతారు, పాథురియాఘాటా, జొరాసాంకో మీదుగా నడిపించి చివర్లో చోర్‌బగాన్‌లోని మార్బుల్ ప్యాలెస్ చూపించి వదిలేస్తారు. నడిపినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద విమర్శలు కూడా ఉన్నాయి, పైగా ఎవరితో వెళ్లినా దారీ కథలూ కాస్త అటూ ఇటూగా ఇవే. ముందే చెప్పేస్తున్నా, వెళ్లొచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

మొదటి గంట దండగ అనిపించొచ్చు. మల్లిక్ ఘాట్ అంటే పూల మార్కెట్, బంతిపూల దండలు తాళ్లలా చుట్టి తలమీద మోసుకెళ్లేవాళ్లు "సరకో సరకో" అని అరుస్తూ మనల్ని తోసేస్తుంటారు, అక్కడ నిలబడి చరిత్ర చెప్తే వినేదెవరు? గైడ్‌కి మైకు లేదు. ముందున్న నలుగురికి వినిపించింది, వెనకున్నవాళ్లం పూలు చూశాం. ఆ ఘాట్‌ని 1855లో రామ్‌మోహన్ మల్లిక్ తన తండ్రి నిమాయ్ చరణ్ మల్లిక్ జ్ఞాపకంగా కట్టించాడు. ఈ ఒక్క ముక్క చెప్పి, ఇవాళ మనం చూడబోయే ప్యాలెస్ ఇదే కులంలోని వేరే మల్లిక్ శాఖది అని ఇంకో ముక్క కలిపితే చాలు, అక్కడి పని అయిపోతుంది. పూలు చూడ్డానికి ఎవరికైనా గైడ్ అక్కర్లేదు.

అసలు టూర్ మొదలైంది ఘాట్ మెట్ల మీద ఓ పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టాకే. ఇక్కడ మాత్రం గైడ్‌కి ఫుల్ మార్కులు. మొదటి వాక్యమే "వీళ్ల ఇంటిపేరు మల్లిక్ కాదు" అని మొదలుపెట్టాడు, ప్యాలెస్ మల్లిక్‌ల గురించి. వీళ్లు సువర్ణవణిక్కులు, అంటే బంగారం, వెండి, నాణేల మారకం, వడ్డీ వ్యాపారం చేసే కులం. అసలు ఇంటిపేరు శీల్. మల్లిక్ అన్నది ముస్లిం పాలకులు ఇచ్చిన బిరుదు, తరాలు గడిచేసరికి ఆ బిరుదే ఇంటిపేరైపోయి శీల్ వెనక్కిపోయింది. బెంగాల్లో ఇది వీళ్లొక్కరి కథ కాదు, మజుందార్, సర్కార్, బక్షీ, మున్షీ, చౌధురీ, ఇవన్నీ అలా కొలువుల్లోంచి, బిరుదుల్లోంచి వచ్చి స్థిరపడ్డవే. మనకి ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరు, అందుకే ఒక కుటుంబం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది. వాళ్లకేమో ఎవరి దగ్గర కొలువు చేశారో, ఎవరు మెచ్చుకున్నారో తెలుస్తుంది. గైడ్ దీన్ని చాలా సరదాగా చెప్పాడు, మా గుంపులో ఉన్న బెంగాలీ పెద్దావిడ ఒకరు తన ఇంటిపేరు పుట్టుక కూడా అక్కడికక్కడే అడిగి రాబట్టుకున్నారు.

అక్కడి నుంచి సప్తగ్రామ్‌కి వెళ్లాడు. కోల్‌కతా పుట్టకముందు బెంగాల్లో పెద్ద రేవు సప్తగ్రామ్, సరస్వతి నది ఒడ్డున. నది పూడుకుపోతూ వచ్చేసరికి పదహారో శతాబ్దంలో ఓడలు హుగ్లీ వైపు మళ్లాయి, వాటి వెనకే వర్తకులూ కదిలారు. ఆ తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు సుతానుటి, గోవిందపూర్, కలికాతా అనే మూడు పల్లెల దగ్గర దిగాక మళ్లీ మూటాముల్లె సర్దుకుని ఇటొచ్చారు. ఓడలెక్కడుంటే బంగారు వర్తకులు అక్కడ. ఈ భాగం మ్యాపు చేతికిచ్చి చెప్పుంటే ఇంకా బాగుండేది, గాల్లో చేత్తో నది గీసి చూపించాడు.

ఇక్కడే ఒక పెద్ద విషయం సగంలో వదిలేశాడు. సువర్ణవణిక్కుల దగ్గర డబ్బుంది కానీ కులం మెట్లలో చోటు లేదు. పూర్వం బెంగాల్‌ని ఏలిన సేన రాజుల్లో బల్లాల సేనుడు వాళ్లని కిందకి దించేశాడని వాళ్లలో తరతరాలుగా చెప్పుకునే కథ. బ్రాహ్మణులు వాళ్ల చేతి నీళ్లు ముట్టేవారు కాదు. తర్వాత చైతన్యుడి సహచరుడు నిత్యానందుడు సప్తగ్రామ్ వర్తకుడైన ఉద్ధారణ్ దత్తాని చేరదీశాక ఆ కులం చాలావరకు గౌడీయ వైష్ణవం, అంటే చైతన్యుడి కృష్ణభక్తి మార్గం వైపు మళ్లింది. ఇది తెలిస్తేనే ఆ ఇంట్లో జగన్నాథుడి గుడి ఎందుకుందో, అన్నదానం ఎందుకు, బిరుదుల మీద అంత మోజు ఎందుకు అన్నది అర్థమవుతుంది. ఎంత సంపాదించినా పక్కింటి పురోహితుడు నీళ్లు తాగని మనిషికి పాలకులు ఇచ్చిన బిరుదు చిన్న విషయం కాదు, దాన్ని ఇంటిపేరు చేసుకుని పిల్లలకి ఇవ్వడం తెలివైన పని. నా ఉద్దేశంలో ఈ టూర్‌కి వెన్నెముక ఇదే. గైడ్‌కి తెలియదని కాదు, నేను గుచ్చి అడిగితే బల్లాల సేనుడి కథ చెప్పాడు. కానీ స్క్రిప్టులో లేదు. కులం సంగతి ఎత్తితే టూరిస్టులు ఇబ్బంది పడతారని కాబోలు.

మా బావమరిది మధ్యలో "బావా, అయితే కోయెల్ మల్లిక్ కూడా వీళ్లమ్మాయేనా?" అన్నాడు. అదే గైడ్‌ని అడిగితే నవ్వి "అన్నీ మల్లిక్ బాడీలే (మల్లిక్ ఇళ్లే) కదా" అని దాటేశాడు. కాదు. నటుడు రంజిత్ మల్లిక్, ఆయన కూతురు, సినీనటి కోయెల్ దక్షిణాన భవానీపూర్ మల్లిక్‌లు, వాళ్లది బైద్య అనే వేరే కులం, వీళ్లతో సంబంధం లేదు. బిరుదు ఇంటిపేరైనప్పుడు వచ్చే చిక్కే ఇది, ఒకే పేరు సంబంధం లేని ఇళ్లకి అతుక్కుంటుంది, ముస్లింలలోనూ మల్లిక్‌లున్నారు, పంజాబులో ఇంకో తీరు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు. కుటుంబ చరిత్ర పేరుతో డబ్బు తీసుకుని టూర్ నడిపేవాళ్లు కనీసం ఈ తేడా గట్టిగా చెప్పాలి, నవ్వి దాటేయకూడదు.

పాథురియాఘాటా వీధి ఇరుకు. రెండు పక్కలా పాత ఇళ్లు, ఇనుప బాల్కనీలు, ఆకుపచ్చ చెక్క కిటికీలు, కొన్ని ఇళ్లలో రావిచెట్లు గోడలు చీల్చుకుని వచ్చేశాయి. ఇక్కడ ఇదే కులానికి చెందిన జదులాల్ మల్లిక్ ఇల్లుంది. రామకృష్ణ పరమహంస 1883లో ఈ ఇంటికి వచ్చి సింహవాహిని అమ్మవారిని చూశారు. అమ్మవారి ఏర్పాటు నాకు భలే నచ్చింది. ఆమె ఒకే ఇంట్లో ఉండదు, అక్కడి మల్లిక్ శాఖల మధ్య వంతుల వారీగా తిరుగుతుంది, ఎవరి వంతొస్తే వాళ్లింట్లో పూజ. ఆస్తులు పంచుకున్నారు, వీధులు మారారు, కోర్టుల్లో కొట్లాడుకున్నారు, అయినా అమ్మవారిని మాత్రం పంచలేరు కదా, అందుకని తిప్పుతున్నారు. ఎవరు ఈ కుటుంబం, ఎవరు కాదు అన్నదానికి ఇంటిపేరు కన్నా ఈ వంతు గట్టి రుజువు. దక్షిణేశ్వరం గుడి పక్కన జదు మల్లిక్ తోట ఇల్లు కూడా ఉండేది, అక్కడి గోడ మీద బాలయేసుని ఎత్తుకున్న మేరీమాత పటం చూసే రామకృష్ణులు క్రీస్తు భావనలో మునిగిపోయారని భక్తులు చెప్పుకుంటారు. వ్యాపారుల ఇళ్లలో యూరోపియన్ పటాలు ఎంత మామూలుగా ఉండేవో దీంతో తెలుస్తుంది. గైడ్ ఈ రెండూ చక్కగా చెప్పాడు, తొందరపడలేదు.

జొరాసాంకో దగ్గర మాత్రం పరుగు పెట్టించాడు. ఠాగూర్ల ఇల్లు బయట్నుంచి చూపించి, రవీంద్రుడు 1861లో ఇక్కడ పుట్టాడు అని చెప్పి, పదండి అన్నాడు. మ్యూజియం వేరే టూర్‌లో ఉందట, దానికి వేరే టికెట్ట. సరే, అది వ్యాపారం. కానీ ఇంటిపేర్ల కథ చెప్పే టూర్‌లో ఈ ఇంటి దగ్గర ఐదు నిమిషాలు నిలబడకపోవడం నాకు మింగుడు పడలేదు. వీళ్ల అసలు ఇంటిపేరు కుశారీ. పూర్వీకుడు పంచానన్ కుశారీ గోవిందపూర్‌లో ఓడలవాళ్లకి సరుకులందించే పనిలో స్థిరపడితే, చుట్టూ ఉన్న జాలర్లు బ్రాహ్మణుడు కదా అని ఠాకూర్ అని పిలిచారు, ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో అది టాగోర్ అయింది. అక్కడ పాలకులు ఇచ్చిన పేరు, ఇక్కడ జాలర్లు ఇచ్చిన పేరు, రెండు ఇళ్లకీ మధ్య కాస్త నడక. దీనికన్నా మంచి పోలిక ఏ గైడ్‌కి దొరుకుతుంది?

మధ్యలో మట్టి కప్పులో (భాఁడ్) చాయ్, కచోరీ ఇప్పించారు, టూర్ డబ్బుల్లోనే. కచోరీ వేడిగా ఉంది, బాగుంది. అంతే.

ఇక ప్యాలెస్. ముందు పర్మిషన్ గొడవ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మార్బుల్ ప్యాలెస్‌లో కుటుంబం ఇంకా నివసిస్తోంది, అది మ్యూజియం కాదు. ప్రవేశం ఉచితం, కానీ కనీసం ఒక రోజు ముందు టూరిజం ఆఫీసు నుంచి అనుమతి చీటీ తెచ్చుకోవాలి, సోమ, గురువారాలు మూసివేత, లోపల ఫొటోలు నిషేధం. మా టూర్‌వాళ్లు బుకింగ్‌లో "ప్యాలెస్ ప్రవేశంతో సహా" అని రాసి, తీరా ముందు రోజు సాయంత్రం మెసేజ్ పెట్టారు, మీ ఐడీ కాపీలు మీరే తీసుకెళ్లి చీటీ తెచ్చుకోండి అని! నేను ఫోన్‌లో గట్టిగా మాట్లాడాక మనిషిని పంపి తెప్పించారు అనుకోండి, అయినా ఆ రాత్రి టెన్షన్ ఎందుకు? ఉచితంగా దొరికే ప్రవేశాన్ని ప్యాకేజీలో కలిపి అమ్మినప్పుడు కనీసం ఆ కాగితం పనైనా వాళ్లే చేసిపెట్టాలి.

లోపలికెళ్లాక మాత్రం ఆ చిరాకు పోయింది. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, లోపల నడిబొడ్డున బెంగాలీ ఇళ్లలో ఉండే పూజా మండపం ఠాకుర్‌దాలాన్, నేల నిండా రంగురంగుల పాలరాయి. మొత్తం 126 రకాల రాయి వాడారని అంటారు. హాళ్లలో నిలువెత్తు అద్దాలు, షాండ్లియర్లు, గడియారాలు, విగ్రహాలు, చైనా కూజాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, ఒకే చెక్క దుంగలోంచి చెక్కారని చెప్పే విక్టోరియా రాణి విగ్రహం మనిషి కన్నా చాలా ఎత్తు. రూబెన్స్ పేరు మీద, జాషువా రేనాల్డ్స్ పేరు మీద చూపించే చిత్రాలున్నాయి. ఒక దేశపు అభిరుచి, ఒక కాలపు శైలి అని ఏమీ లేదు, కంటికి నచ్చిందల్లా కొన్నారు. నాకు అదే నచ్చింది. మ్యూజియం అయితే ఎవరో పండితుడు వచ్చి సగం గోదాములో పెట్టించేవాడు.

దీన్ని కట్టించిన రాజేంద్ర మల్లిక్ పుట్టింది 1819లో. కట్టడం మొదలైంది 1835లో. అంటే పదహారేళ్ల కుర్రాడు. నీలమణి మల్లిక్ దత్తపుత్రుడు, తండ్రి పోయేనాటికి పసివాడు, అప్పటి కలకత్తా సుప్రీంకోర్టు ఏర్పాటుతో సర్ జేమ్స్ వైర్ హాగ్ అనే బ్రిటిష్ లాయరు గార్డియన్‌గా ఉన్నాడు. నీలమణి కట్టించిన జగన్నాథుడి గుడి ప్యాలెస్ కన్నా పాతది, ఇప్పటికీ ఆవరణలోనే ఉంది, అందులోకి ఇంటివాళ్లకే ప్రవేశం. అంటే తండ్రి గుడి కట్టాడు, దాని పక్కన బ్రిటిష్ గార్డియన్ నీడలో పెరిగిన కొడుకు గ్రీకు స్తంభాల ఇల్లు కట్టాడు. ఈ మాట మా గైడ్ చెప్పిన తీరు, గుడి శిఖరం వైపు ఓసారి, స్తంభాల వైపు ఓసారి చెయ్యి చూపించి ఆగిపోవడం, నిజంగా బాగుంది.

రాజేంద్రుడికి జంతువుల పిచ్చి కూడా. తోటలో ఆయన పెట్టిన జంతుశాల ఇప్పటికీ ఉంది, జింకలు, నెమళ్లు, గూడబాతులు. అలీపూర్ జూ 1876లో మొదలైనప్పుడు ఆయన ఇచ్చిన జంతువులు అక్కడికెళ్లాయి, ఆయన పేరు మీద అక్కడ మల్లిక్ హౌస్ అని ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ టూర్‌లో పనికొచ్చే చోటు ఇదొక్కటే, మిగతాదంతా నడకే, విసిగిపోతారు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఇంత చూపించి, ఇంత చెప్పి, ఈ డబ్బు ఎలా వచ్చిందో చెప్పలేదు. "పెద్ద వ్యాపారులు", "అపార సంపద", ఇవే మాటలు తిప్పి తిప్పి చెప్పారు. వర్తక కుటుంబం చరిత్రలో వర్తకమే లేకపోతే ఎలా? పద్దెనిమిదో శతాబ్దపు కలకత్తాలో ఇలాంటి ఇళ్లు ఎలా పైకొచ్చాయో రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. ఇంగ్లండ్ నుంచి దిగిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి చేతిలో డబ్బు లేదు, భాష రాదు, సరుకెక్కడ దొరుకుతుందో తెలియదు. బనియన్ అనే స్థానిక వర్తకుడు వాడికి పెట్టుబడి పెడతాడు, బేరం కుదురుస్తాడు, ప్రతి లావాదేవీలో దస్తూరీ, అంటే కమిషన్ తీసుకుంటాడు. నాణేల మారకం తెలిసిన సువర్ణవణిక్కులకి ఇది చేతిలో పని. సంపాదించింది తీసుకెళ్లి వడ్డీలకి, కంపెనీ బాండ్లకి, అన్నిటికన్నా ఎక్కువగా పట్నంలో స్థలాలకి, అద్దె ఇళ్లకి, బజార్లకి పెట్టేవాళ్లు.

ఉదాహరణ కూడా దగ్గర్లోనే ఉంది. పక్కనే కొలూటోలాలో మోతీలాల్ శీల్, 1792 నుంచి 1854 వరకు బతికాడు, ఇదే సువర్ణవణిక్ కులం, శీల్ ఇంటిపేరు అలాగే ఉంచుకున్నవాడు. ఖాళీ సీసాలు, బిరడాలు అమ్ముకుంటూ మొదలుపెట్టి ఎన్నో యూరోపియన్ కంపెనీలకి బనియన్ అయ్యాడు, ఓడలు కొన్నాడు. మెడికల్ కాలేజీకి స్థలం ఇచ్చాడు, ఉచిత కాలేజీ పెట్టాడు, వితంతువుని పెళ్లి చేసుకున్నవాడికి వెయ్యి రూపాయలిస్తానని ప్రకటించాడు, ఆ రోజుల్లో వెయ్యి. ఈయన్ని ఒక్క మాటగానైనా ఎత్తలేదు. మల్లిక్‌లు వదిలేసిన పేరుతోనే ఇంకొకడు ఊరంతా పేరు తెచ్చుకున్న సంగతి ఈ టూర్‌లో లేకపోవడం ఏమిటో.

ఇంకోటి. 1830 నుంచి మూడు నాలుగేళ్లలో కలకత్తాలో ఏజెన్సీ హౌస్‌లనే పెద్ద పెద్ద యూరోపియన్ వ్యాపార సంస్థలు, పామర్ కంపెనీ మొదలుకుని, వరసగా దివాలా తీశాయి, వాటిలో డబ్బు పెట్టిన బెంగాలీలు మునిగారు. సరిగ్గా ఆ తర్వాతే 1835లో ఈ పాలరాతి ఇల్లు లేస్తోంది. జొరాసాంకోలో రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాగూర్ 1834లో కార్, టాగోర్ కంపెనీ పెట్టి బొగ్గు, స్టీమర్లు, బ్యాంకు అంటూ ముందుకు దూకాడు, ఆయన 1846లో లండన్‌లో పోయాక రెండేళ్లలోపే కంపెనీ, యూనియన్ బ్యాంకు రెండూ కూలిపోయాయి, కొడుకు దేవేంద్రనాథ్ అప్పులు తీర్చుకుంటూ గడిపాడు. ఒక ఇల్లు పరిశ్రమలో దూకి మునిగింది, ఇంకో ఇల్లు స్థలాలు, గుడి, పాలరాయి పట్టుకుని నిలబడింది. కోల్‌కతా పాత కుటుంబాలు చాలా ఆస్తి దేవుడి పేర రాసి దేవోత్తరం చేసేవి, దాంతో వారసులు అమ్ముకోవడం అంత తేలిక కాదు. ఈ ముక్క ప్యాలెస్ మెట్ల మీద చెబితే వినేవాళ్లకి కళ్లముందు నిలబడేది. దాని బదులు షాండ్లియర్ ఎన్ని కిలోలో చెప్పాడు.

చివర్లో అన్నదానం గురించి చెప్పారు. 1866 ఒరిస్సా క్షామంలో తిండి లేక జనం కలకత్తాకి నడిచొచ్చినప్పుడు రాజేంద్ర మల్లిక్ చోర్‌బగాన్‌లో అన్నసత్రం తెరిచాడు. మరుసటి ఏడు రాయ్ బహదూర్, 1878లో రాజా బహదూర్ బిరుదులు వచ్చాయి. పేదలకి మధ్యాహ్నం అన్నం పెట్టే ఆనవాయితీ ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది. గైడ్ దీన్ని దయాగుణం అని చెప్పి ఊరుకున్నాడు. దయే, కాదనను. అయితే శీల్‌లకి ముస్లిం పాలకులిచ్చిన మల్లిక్, మల్లిక్‌కి వైస్రాయి ఇచ్చిన రాజా, వరస చూస్తే ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు ముందో వెనకో ఒక ముక్క చేరుతూ వచ్చింది. మా బావమరిది "మరి స్వాతంత్ర్యం వచ్చాక ఏమిచ్చారు?" అన్నాడు. గైడ్ పడీపడీ నవ్వాడు, జవాబు చెప్పలేదు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. సోమ, గురువారాలు బుక్ చేయకండి, కొందరు ఆ రోజుల్లో కూడా స్లాట్ చూపిస్తున్నారు. అనుమతి చీటీ ఎవరు తెస్తారో రాతలో అడగండి, లేదంటే మీరే తెచ్చుకుని నేరుగా వెళ్లండి, మహాత్మాగాంధీ రోడ్ మెట్రో నుంచి ప్యాలెస్ ఉన్న ముక్తారామ్ బాబు వీధికి నడిచిపోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, ఏప్రిల్ ఉక్కపోతలో పాథురియాఘాటా నడక ప్రాణం తీస్తుంది. బూట్లు వేసుకోండి, పూల మార్కెట్‌లో నేలంతా తడి. గైడ్ మంచివాడే, అడిగితే చెప్తాడు, కాబట్టి మొహమాటపడకుండా డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని మొదటే అడగండి, మెట్ల మీద కూర్చున్నప్పుడే. జొరాసాంకో లోపల చూడాలంటే ఆ పూట సరిపోదు, ఇంకో రోజు పెట్టుకోండి.